భోగిపళ్లకు అత్తగారి అనుమతి కావాలా?

ఉత్తరం:

“అమ్మగారూ, నన్ను మీ కూతురనుకుని సలహా చెప్పండి. నా పుట్టిల్లు గోదావరికి అటు, సఖినేటిపల్లి వైపు. అత్తగారిల్లు ఇటు, నరసాపురం దగ్గర. మేం హిందువులం, వాళ్లు క్రైస్తవులు. ప్రేమించి రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకున్నాం. మా ఆయన భీమవరంలో రొయ్యల కంపెనీలో పని చేస్తారు. పాపకు మూడో ఏడు. అత్తగారు మంచి మనిషి. పురిటప్పుడు నన్ను కన్నతల్లిలా చూశారు. చర్చిలో స్త్రీల సమాజం ఆవిడే నడుపుతారు. నేను ఏటా క్రిస్మస్‌కి ఇష్టంగానే చర్చికి వెళ్తాను. ఈసారి పాటలు పాడుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. మా అమ్మమ్మ పాడుకునే కీర్తనల్లా అనిపించాయి. ఆ ఫొటోలు మా ఆయన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. 26 పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి, ‘నీ మొహాన బొట్టేదే?’ అని ఒకటే ఏడుపు. సంక్రాంతికి వస్తే పాపకు భోగిపళ్లు పోద్దామని, అంతర్వేదిలో పుట్టువెంట్రుకల మొక్కు కూడా తీర్చేద్దామని అంది. మా ఆయన్ని అడిగితే ‘అమ్మ ఒప్పుకోదు, వదిలెయ్’ అన్నారు. వంటింట్లోంచి అత్తగారు విని, ‘పిల్లకి అన్యాచారాలు అలవాటు చెయ్యొద్దు. ఈస్టర్‌లోపు నువ్వూ బాప్తిస్మం తీసుకో’ అన్నారు. అప్పుడు ఆవిడ అక్కగారు కూడా పక్కనే ఉన్నారు. వాళ్లది బ్రదరన్ సంఘం, క్రిస్మస్ చెయ్యరు. అయినా ఏటా 25న భోజనానికి మా ఇంటికి వస్తారు. ఆవిడేమీ మాట్లాడలేదు. నేను రెండు పడవల మీద కాళ్లు పెట్టానా? రెండిళ్లనీ మోసం చేస్తున్నానా? భీమవరంలో వేరుకాపురం పెట్టేస్తే ఈ టెన్షన్ తగ్గుతుందా?”

సమాధానం:

కూతురనుకోమన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే అంటానమ్మా. ముందు ఆ మోసం అన్న మాట తీసి పక్కన పెట్టు. నువ్వు హిందువుల పిల్లవని తెలిసే వాళ్లు కోడలిగా తెచ్చుకున్నారు. అల్లుడు చర్చికి వెళ్తాడని తెలిసే మీ అమ్మానాన్న గడప తొక్కనిచ్చారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకునే పెళ్లికి ఎవరూ మతం మారక్కర్లేదు. మీలాంటి జంటలు రిజిస్టరాఫీసు మెట్లెక్కేది చాలావరకు అందుకే. దాచిందేమీ లేనప్పుడు మోసం ఎక్కడిది? పండగ పూట అత్తవారితో చర్చికి వెళ్లావు. ఇంకో పండక్కి పుట్టింటికి వెళ్లాలని ఆశపడ్డావు. నిన్ను బాధపెడుతున్నది ఇందులో ఏదీ కాదు. నిన్నొక్క మాటైనా అడక్కుండా అందరూ నీ తరఫున, నీ కూతురి తరఫున నిర్ణయాలు చేసేస్తున్నారు. అదీ నీ బాధ.

నీ ఉత్తరంలో నా మనసుకు పట్టిన మనిషి నోరు మెదపని ఆ పెద్దత్తగారు. నువ్వు ఆవిడను నాలుగు ముక్కల్లో దాటేశావు. మీ నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో బ్రదరన్ సంఘాలు నిన్న మొన్నటివి కావు. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు ఆ రెండు ఊళ్లూ కేంద్రంగా పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అని పేరుపడింది అదే. ఆ సంఘాల్లో చాలామంది క్రిస్మస్ చెయ్యరు. యేసు ఫలానా తేదీన పుట్టాడని బైబిల్లో లేదు, తన పుట్టినరోజు చెయ్యమని ఆయన ఎక్కడా అడగలేదు, తన జ్ఞాపకంగా రొట్టె విరవమన్నాడంతే అంటారు.

అంటే మీ అత్తగారు ఇంటి మీద స్టార్ కట్టి, సెమీ క్రిస్మస్ దగ్గర్నుంచి నెలంతా తిరిగి, తెల్లవారుజామున తలస్నానం చేసి ఆరాధనకు పరిగెత్తి చేసే పండగ, సొంత అక్క లెక్కలో మనుషులు కల్పించుకున్నది. ఆ మాట ఆ ఇద్దరి మధ్యా ఎప్పుడో వచ్చే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో వచ్చి ఉంటుంది, గట్టిగానే వచ్చి ఉంటుంది. అయినా ఆవిడ ఏటా 25న వస్తోంది. ఆరాధనకు రాదు, భోజనానికి వస్తుంది. చెల్లెలు చర్చికి రమ్మని బలవంతం చెయ్యదు, కంచం మాత్రం పెడుతుంది. సొంత మనిషి నమ్మకం తనకు నచ్చకపోయినా ఆ మనిషిని ఇంట్లో ఎలా ఉంచుకోవాలో మీ అత్తగారికి ఏళ్లుగా అలవాటే. అక్కకు ఇచ్చిన ఆ వెసులుబాటే కోడలికీ ఇవ్వమనడం గొంతెమ్మ కోరికేం కాదు.

ఈ వారంలోనే పెద్దత్తగారిని విడిగా కలువు. సిఫార్సు చెయ్యమని అడగొద్దు. “క్రిస్మస్ సంగతి మీ ఇద్దరూ ఎలా సర్దుకున్నారు పెద్దత్తయ్యా?” అని అడిగి ఊరుకో. ఆవిడ చెప్పేది నీకు నా సలహా కన్నా ఎక్కువ పనికొస్తుంది. చెల్లెలితో మాట్లాడాలనిపిస్తే ఆవిడే మాట్లాడుతుంది.

ఇక మీ అత్తగారు. పురిట్లో కన్నతల్లిలా చూసిన మనిషి ఉన్నట్టుండి అంత కటువుగా మాట్లాడిందంటే ఆవిడకు ఏదో భయం ఉండి ఉంటుంది. ఆవిడ స్త్రీల సమాజం నడుపుతోందన్నావు. నలుగురాడవాళ్లను కూర్చోబెట్టి వాక్యం చెప్పే మనిషి మనవరాలికి భోగిపళ్లు పోశారని తెలిస్తే అక్కడ గుసగుసలు మొదలవుతాయి. కొన్ని సంఘాల్లో ఇంట్లో ఇలాంటివి జరిగితే పెద్దలు పిలిచి అడుగుతారు. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని కొన్నాళ్లు ఆపేసేవాళ్లూ ఉన్నారు. నమ్మే మనిషికి అది మామూలు అవమానం కాదు. ఇన్నేళ్లూ కష్టం వచ్చినా సుఖం వచ్చినా ఆవిడ పరిగెత్తుకెళ్లిన చోటు అదే. కాబట్టి “మీకేం పోయింది?” అనే మాట మాత్రం నీ నోట రానియ్యకు. ఆవిడకు పోయేది ఉంది.

బైబిల్ తెరిచి ఆవిడతో వాదానికి దిగకు. నువ్వు గెలిచినా ఓడిపోతావు. కానీ నీ మటుకు నువ్వు తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే ఈ ప్రశ్న తొలి క్రైస్తవ బోధకుడు పౌలు కాలం నుంచీ ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు దీని గురించే. విగ్రహం వట్టిదేనంటాడు ఆయన. అవిశ్వాసులెవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లి వడ్డించింది తిను, ఎక్కడిదని ఆరా తియ్యకు అంటాడు. ఇది విగ్రహానికి పెట్టింది అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి మనసు కోసం తినకు అంటాడు. రోమీయులకు రాసిన పత్రిక 14లో రోజుల సంగతీ ఎత్తుతాడు. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని రోజులూ సమానమే అంటాడు, ఎవరి మనసులో వాళ్లు గట్టిగా ఉండండి అని. మీ అత్తగారూ ఆవిడ అక్కా ఆ అధ్యాయం చాలాసార్లు చదివే ఉంటారు.

కోనసీమలో చాలా ఇళ్లలో ఈ చిక్కును ఆడవాళ్లు ఎప్పుడో తీర్చేశారు. క్రైస్తవుల ఇంటికి పంపాల్సిన బూరెలూ పులిహోరా నైవేద్యం పెట్టకముందే వేరే గిన్నెలోకి తీసి పక్కన పెడతారు. ఇచ్చేటప్పుడు “ముందే తీశామండి” అని ఒక్క మాట అంటారు. పుచ్చుకునేవాళ్లకు ఆ మాట చాలు. ఏ పాస్టర్‌గారూ పంతులుగారూ కూర్చుని రాసిన ఒప్పందం కాదది.

నువ్వు చెప్పిన 26వ తేదీ క్యాథలిక్, లూథరన్ క్యాలెండర్లలో స్తెఫను పేరు మీద ఉంటుంది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో చూడు. మొదటి సంఘంలో రోజూ పెట్టే భోజనం దగ్గర గ్రీకు మాట్లాడే విధవరాళ్లను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు బయల్దేరింది. ఆ వడ్డన చూసుకోవడానికి ఏర్పాటు చేసిన ఏడుగురిలో స్తెఫను ఒకడు. అంత భక్తి ఉన్న రోజుల్లోనే వడ్డన దగ్గర గొడవొస్తే, మీ వంటింట్లో రావడం వింతేం కాదు.

సరే, భోగిపళ్లు. “అందులో దేవుడే లేడు, ఉత్త సరదా” అని అత్తగారికి చెప్పాలని చూడకు. అది నిజం కాదు, ఆవిడకూ తెలుసు. భోగినాటి సాయంత్రం పిల్లకు కొత్త గౌను తొడిగి పీట మీద కూర్చోబెడతారు. రేగిపళ్లు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రెక్కలు, చిల్లర నాణేలు కలిపి, గుప్పిట పట్టి తల చుట్టూ తిప్పి పోస్తారు. దిష్టి పోతుందంటారు. రేగిపండును సూర్యుడికి ముడిపెడతారు. చివర హారతి ఇస్తారు. ఒక నాణెం పిల్ల నెత్తి మీద ఠపీమని తగిలి ఏడ్చే ఘట్టం ఎలాగూ ఉంటుంది. (ఈమధ్య చాక్లెట్లు కూడా కలుపుతున్నారు. అవి ఇంకా గట్టిగా తగులుతాయి.) నిష్ఠగా ఉండే క్రైస్తవురాలికి ఇందులో అభ్యంతరం కనిపించడం సహజమే. నేను కాదనను. కానీ మనవరాలిని నలుగురూ చుట్టూ చేరి ముద్దు చేసుకోవడం ఇందులో ఎక్కువ భాగం. అది జరిగేది కూడా అమ్మమ్మ ఇంట్లో, గోదావరి అవతల. పాప ఇద్దరి బిడ్డ, రెండిళ్ల మనవరాలు. నా మటుకు నేను పోయించమనే అంటాను.

పుట్టువెంట్రుకల మాట వేరు. అది మొక్కు. గుడికెళ్లి, దేవుడికి ఇస్తానన్నది ఇవ్వడం. దాన్ని సరదా కింద కట్టలేం. మీ అమ్మ మొక్కుకున్నప్పుడు మీ ఇద్దర్నీ అడిగిందా? అడిగుంటే నువ్వు రాసేదానివి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఆ పని జరక్కూడదు. ఇక్కడ మీ ఆయన వద్దంటే ఆ మాటకు విలువివ్వాలి. ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలో కలిపేస్తే భోగిపళ్లు కూడా పోతాయి, ఆ సంగతి మీ అమ్మకు అర్థమయ్యేలా చెప్పు. ఆవిడ మొక్కును ఆవిడే వెళ్లి స్వామికి చెప్పుకుని, హుండీలో వెయ్యగలిగింది వేసి రావచ్చు. మాఘమాసంలో అంతర్వేది తీర్థం వస్తుంది కదా, అప్పుడు మళ్లీ ఈ మాట తప్పకుండా లేస్తుంది. కాబట్టి ఇప్పుడే తేల్చుకో. మీకు చెప్పకుండా పిల్లను గుడికి తీసుకెళ్లనని ఆవిడ మాట ఇవ్వాలి. ఆ మాట ఇస్తేనే గోదావరి దాటే పంటు ఎక్కుతామని చెప్పు. కఠినంగా అనిపిస్తుంది, కానీ ఒకసారి చాటుగా గుండు చేయిస్తే ఆ తర్వాత మీ ఆయన పిల్లను అటు పంపడు.

ఇప్పుడు మీ ఆయన. నాకు కోపం వచ్చింది ఈయన మీద. “అమ్మ ఒప్పుకోదు” అన్నాడు. అమ్మను అడిగాడా? నీ ఉత్తరం ప్రకారం అడగలేదు. అడగకముందే ఆవిడ పేరు అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ వంటింట్లోంచి విని, కొడుకు తన మీద పెట్టిన మాటను నిజం చేసేసింది. ఆ పూట ఆయన “నాకు ఇష్టం లేదు” అని ఉంటే నీకు మొగుడితో మాట్లాడుకునే దారి ఉండేది. “నాకు ఇష్టమే, అమ్మతో నేను చెబుతాను” అని ఉంటే గొడవే లేదు. రెండూ అనకుండా అత్తాకోడళ్లను ఎదురెదురుగా నిలబెట్టాడు. ఫొటోలు స్టేటస్‌లో పెట్టిందీ ఆయనే. నీ పుట్టింటివాళ్లు చూస్తారన్న ఆలోచన లేకుండా పెట్టాడు.

అందుకని ముందు నువ్వు అడగాల్సింది ఆయన్ని. అమ్మ సంగతి కాదు, నీకు ఇష్టమా కాదా అని. ఇష్టం లేదంటే ఎందుకో విను. ఆయనకూ నమ్మకం ఉంటుంది, దాన్ని తల్లి చాటు పిరికితనం అని తీసిపారెయ్యకు. ఇష్టమే అంటే తల్లితో ఆయనే మాట్లాడాలి. నువ్వు పక్కన ఉండక్కర్లేదు, ఉండకపోవడమే మంచిది. “అమ్మా, భోగికి పాపను వాళ్లమ్మమ్మ ఇంటికి తీసుకెళ్తున్నాం. అక్కడ పళ్లు పోస్తారు. గుడికి తీసుకెళ్లం, జుట్టు తీయించం. నిన్ను రమ్మనడం లేదు, ఒప్పుకోమనీ అడగడం లేదు. ఫొటోలు ఎవరూ ఎక్కడా పెట్టరు. నీ దగ్గర దాచి వెళ్లకూడదని చెబుతున్నాను.” ఇంతే. ఆఖరి రెండు మాటలూ ముఖ్యం. ఫొటోలు పెట్టకపోతే సంఘంలో ఆవిడకు తలనొప్పి సగం తగ్గుతుంది. ఆవిడ మొహం ముడుచుకుంటుంది, రెండ్రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ ఉక్రోషం ఆవిడ హక్కు, పడనియ్యండి. అనుమతి ఇవ్వమంటే ఆవిడ మనస్సాక్షి అడ్డొస్తుంది. చెప్పి వెళ్తే ఆ భారం ఆవిడ మీద ఉండదు.

బొట్టు సంగతి చిన్నది. చర్చికి వెళ్లేటప్పుడు నీ అంతట నువ్వు తీశావా, తియ్యమన్నారా, రాయలేదు. నువ్వే తీసి ఉంటే అమ్మకు అలాగే చెప్పు. వాళ్లు తియ్యమంటే తీశావు, నీకు ఇష్టం లేదు అంటే వచ్చే ఏడు పెట్టుకుని వెళ్లు. మన జిల్లాల్లో బొట్టుతో చర్చికి వచ్చే ఆడవాళ్లు లేకపోలేదు, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్లలో మరీను.

బాప్తిస్మం గురించి కాస్త నిదానంగా మాట్లాడదాం. లూథరన్ల లాంటివాళ్లు పసిపిల్లలకు కూడా ఇస్తారు. బ్రదరన్, బాప్టిస్టు సంఘాలవాళ్లు బుద్ధి తెలిసి, నోటితో ఒప్పుకున్నవాళ్లకే నీళ్లలో ముంచి ఇస్తారు. మీ అత్తగారి సంఘం ఏ పద్ధతో తెలుసుకో. ఏ పద్ధతైనా, పెద్దదానివి కాబట్టి నిన్ను “నమ్ముతున్నావా?” అని అడక్కుండా ఇవ్వరు. ఆ ప్రశ్నకు అత్తగారి కోసం అవునంటే అదీ అసలు మోసం. “ఇప్పుడు నా మనసు అక్కడ లేదు అత్తయ్యా, అబద్ధం చెప్పి నీళ్లలో దిగలేను” అను. భక్తిగల మనిషి ఈ మాటను కొట్టిపారెయ్యలేదు. పౌలు కూడా భార్య విశ్వాసి కాకపోయినా కాపురం చేస్తానంటే వదిలిపెట్టొద్దనే రాశాడు. ఆయన శిష్యుడు తిమోతి తండ్రి గ్రీకువాడు, తల్లి విశ్వాసి. అలాంటి ఇంట్లోంచే ఆ పిల్లాడు వచ్చాడు, అమ్మమ్మ లోయి పేరు కూడా పౌలు తలుచుకున్నాడు.

పాటలప్పుడు ఏడుపొచ్చిందన్నావు, అది నాకు చాలా ఇష్టంగా అనిపించింది. పాత తెలుగు క్రైస్తవ కీర్తనలకు రాగం, తాళం రాసి ఉంటాయి. వాటిలో చాలా రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన మనిషి. కాబట్టి నీకు అమ్మమ్మ గుర్తురావడంలో ఆశ్చర్యం లేదు. వచ్చింది అమ్మమ్మ మీద బెంగో, మరొకటో నీకే ఇంకా తెలియదు. తేల్చుకోవడానికి తొందరేముంది? ఈలోగా ఆ మాట అత్తగారికి చెప్పావో, వచ్చే ఆదివారం లేచి సాక్ష్యం చెప్పమంటారు. అమ్మకు చెప్పావో, పిల్లను మాయ చేశారని మళ్లీ ఏడుపు. నాకు రాశావు, చాలు. కొన్నాళ్లు నీ దగ్గరే ఉంచుకో. పాటలు బాగుంటే వెళ్లి పాడుకో.

చివరగా వేరుకాపురం. భీమవరం వెళ్లడం తప్పేమీ కాదు. మీ ఆయనకు రోజూ ప్రయాణం తప్పుతుంది, పాపకు రేపో మాపో స్కూలు కావాలి. కానీ జనవరిలో వద్దు. ఇప్పుడు వెళ్తే భోగిపళ్ల కోసం కొడుకుని విడదీసిందన్న మాట నీకు జీవితాంతం అంటుకుంటుంది. పైగా మొగుడు తన మాట తను చెప్పడం నేర్చుకోకపోతే భీమవరంలో ఉన్నా ఫోన్లో ఇదే గొడవ. జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు ఇల్లు చూసుకోండి. ఆ మాట అత్తగారితో నువ్వే ముందు అను, వంటింట్లోకి వినబడే వరకూ ఆగకుండా.